ఎమ్మెల్యే గారి కారు గలీబు

"నా కారు నాది కాదు, ప్రజలది. దాని మీద గీత పడితే ప్రజల గుండె మీద పడ్డట్టే!"

గుండ్లవాగు ఎమ్మెల్యే విజేందర్ గారు విలేకరుల ముందు ఈ ప్రకటన చేస్తున్నప్పుడు ఆయన గొంతు జీరబోయింది. విషయం అంత బరువైనది మరి. నీళ్ల ట్యాంకర్ ఎందుకు రాలేదని అడగడానికి వచ్చిన ఆడవాళ్లు కారును చుట్టుముట్టారు. ఆ తోపులాటలో ఎవరి గాజో తగిలి, తెల్లటి తలుపు మీద జానెడు గీత పడింది. ట్యాంకర్ సంగతి అలా ఉంచి, ఎమ్మెల్యే గారు వెంటనే ఆ గీతను పరామర్శించారు. మర్నాడు ఇంకోసారి పరామర్శించారు.

ఇకమీదట రంగు చెదరకుండా కారుకు సరిగ్గా కొలతలు తీసి కవర్ కుట్టించాలని నిర్ణయం జరిగింది. ఆ మహత్కార్యం బస్టాండ్ వెనక ఆటో టాపులు, ట్రాక్టర్ పరదాలు కుట్టే కురుమయ్యకు దక్కింది.

కురుమయ్యకు జన్మలో ఒకటే కోరిక. అతను ఉండే చింతల గల్లీకీ రోడ్డుకీ నడుమ ఒక నాలా ఉంది. వాన పడిందంటే గల్లీ దీవి అయిపోతుంది. కూతురు నిరోష పురుటికి వచ్చి ఉంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి, మబ్బులూ నిండుతున్నాయి. అంబులెన్స్ రావాలంటే నాలా మీద కల్వర్టు పడాలి. అదే మాట ఎమ్మెల్యే గారి పీఏ ప్రేమ్‌సాగర్‌తో అన్నాడు.

"ముందు కవర్, తర్వాత కల్వర్టు," అన్నాడు ప్రేమ్‌సాగర్. "రెండూ 'క'తోనే మొదలైతయి. ఇంక ఫికర్ ఎందుకు?"

ఇంత తర్కం విన్నాక కురుమయ్యకు ఫికర్ పోయింది. పనిలోకి దిగాడు. చేతికున్న కడియం, వేలి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. ఇనుప టేపును కారు దరిదాపుల్లోకి రానివ్వక, బట్ట టేపుతో కొలిచాడు. దుమ్ము మీద కవర్ తొడిగితే గాలికి కదిలినప్పుడల్లా ఉప్పు కాగితంలా గీకుతుందని, ముందు కారును కడిగించాడు. కుట్లన్నీ బయటికి పెట్టాడు. జిప్పు రంగుకు తగలకుండా వెనక పట్టీ వేశాడు. పక్క అద్దాలకు చెవుల్లాంటి రెండు సంచులు కుట్టాడు. లోపల వెన్నలాంటి అస్తరు వేశాడు.

ఆ అస్తరును భార్య సైదమ్మ ముట్టి చూసింది.

"బిడ్డకు ఏనాడన్న గింత మెత్తటి బట్ట తెచ్చినవా?"

"ఎమ్మెల్యే కారే పిచ్చిదానా!"

"దానికి గూడ నెలలు నిండినయా ఏంది?"

తొడిగిన నాడు ఊరంతా చూడవచ్చింది. కవర్ ఎంత బిగువుగా అమరిందంటే, మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. దిండుకు తొడిగినట్టుందని జనం దానికి 'గలీబు' అని పేరు పెట్టారు.

అయితే ఒక పరిపాలనా చిక్కు వచ్చింది. కారు ఎక్కువ రోజులు హైదరాబాద్‌లోనే ఉండేది. అప్పుడు గలీబు క్యాంపు ఆఫీసు ముందర చతికిలబడేది. అది చూసి జనం 'సార్ లేడు' అని కనిపెట్టేవారు. ప్రేమ్‌సాగర్ మళ్లీ కురుమయ్యను పిలిపించాడు.

"కారు లేకున్నా గలీబు నిలబడాలె."

"దేని మీద నిలబడాలె సార్?"

"నమ్మకం మీద."

"నమ్మకం వంగుతది సార్. వెదురు పెడదాం."

ఆనాటి నుంచి ఎమ్మెల్యే గారు ఇరవై నాలుగు గంటలూ ప్రజల మధ్యనే ఉన్నారు. హెడ్ కానిస్టేబుల్ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు గలీబుకు సెల్యూట్ కొట్టేవాడు. పింఛను ఆగిపోయిన జానమ్మ అనే ముసలామె రోజూ దాని పక్కనే కూర్చుని, "సార్ లోపల పండుకున్నడేమో, జర లేపుండ్రి నాయినా" అనేది. వెదురు కోసి కట్టిన కురుమయ్య కూడా అటు పోయినప్పుడల్లా దండం పెట్టి, కల్వర్టు సంగతి గుర్తుచేసి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడింది. నిరోషకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్స్ వచ్చి నాలా అవతల ఆగింది. స్ట్రెచర్ చక్రాలు బురదలో దిగబడ్డాయి.

"బండి రాదన్నా! మీరే తీస్కరాండ్రి!" అని అరిచాడు డ్రైవర్.

"దినాం దండం పెడుతవు గద, పోయి ఆ ఎమ్మెల్యే కారే తేరాదు!" అంది సైదమ్మ.

కురుమయ్య నడుములోతు నీళ్లు దాటి ఉరికాడు. క్యాంపు ఆఫీసు అరుగు మీద ప్రేమ్‌సాగర్ చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగు, సార్ మీటింగ్‌ల ఉన్నరు!"

"సార్ ఏడున్నడో నాకెరుక లేదా? వెదురు కోసింది నేనే గద!"

కురుమయ్య జిప్పు లాగి గలీబు ఊడదీశాడు. లోపలి నుంచి ఒక కోడి, దాని వెనక పిల్లలు వరుసగా బయటికి వచ్చాయి. మిగిలిన వెదురు బద్దలను జానమ్మ కళ్లు చికిలించి చూసింది.

"అయ్యో, సార్ ఎంత బక్కగైండు!"

గలీబు భుజాన వేసుకుని కురుమయ్య గల్లీకి ఉరికాడు. నిరోషను అందులో పడుకోబెట్టారు. చెవులు ఇద్దరు, అంచులు ఇద్దరు పట్టుకుని నాలా దాటించారు. గలీబు చినగలేదు, చుక్క నీరు లోపలికి రాలేదు. "భయపడకు బిడ్డా," అన్నాడు కురుమయ్య. నొప్పుల్లో కూడా నిరోష అంది: "కుట్టు గట్టిదే బాపూ, నువ్వు జారకు!"

దవాఖానకు చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు పత్రికలో పెద్ద అక్షరాలు: 'నిండు గర్భిణిని నాలా దాటించిన ఎమ్మెల్యే వాహనం'. ఫొటోలో విజేందర్ గారు పసిబిడ్డను ఎత్తుకుని ఉన్నారు. ఆయన గొంతు మళ్లీ జీరబోయిందని కింద రాశారు.

ఆ వారంలోనే ప్రేమ్‌సాగర్ మిఠాయి డబ్బాతో కురుమయ్య దుకాణానికి వచ్చాడు.

"నీ పనైపోయింది కురుమయ్యా! సార్ సంతకం పెట్టిండు."

కురుమయ్య కుట్టుమిషన్ మీద నుంచి లేచి నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కల్వర్టా సార్?"

"ఇంకా కల్వర్టు ఎందుకయ్యా? నాలా ఉన్న ప్రతి గల్లీకి ఒక గలీబు. మొదటిది మీ గల్లీకే. కుట్టేది నువ్వే."

కురుమయ్య మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. తర్వాత అలవాటు కొద్దీ మెడలోని బట్ట టేపు తీశాడు.

"కొలతలు ఎవలవి తియ్యాలె సార్?"

"కొలతలెందుకు? అందరికి ఒకటే సైజు. అస్తరు మాత్రం మెత్తగ వెయ్యి. ప్రజల మీద ఒక్క గీత గూడ పడొద్దన్నరు సార్."