సన్యాసిరావు అసలు వేగం

పురపాలక సంఘం జనన మరణాల విభాగానికి కొత్త కంప్యూటర్లు మంజూరు కాకపోవడంతో, ఉన్న గుమాస్తాల తలల వేగాన్నే పెంచమని వేసవిలో ఉత్తర్వు వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సంతకాలు పెట్టి వరుసగా కూర్చున్నారు.

పని చాలా భద్రంగా జరిగిందనే చెప్పాలి. టెక్నీషియన్ డేవిడ్ రాజు నిదానస్తుడు. కుడిచెవి వెనక మూత తీసి, దుమ్ము దులిపి, వేడి లాగే పేస్టు రాసి, మెడ మీద చిన్న ఫ్యాను బిగించేవాడు. వేగం ఐదు శాతం పెంచి అరగంట చూసేవాడు. ఆ అరగంటా గుమాస్తా చేత ఆపకుండా మరణ ధ్రువపత్రాలు రాయించేవారు. తల తొంభై డిగ్రీలు దాటినా, మనిషి తన పేరు తాను మరిచిపోయినా ఒక మెట్టు వెనక్కి తగ్గించేవాడు. అలా నాలుగు రోజులకి గుమాస్తా బెవర సన్యాసిరావు మూడింతల వేగం దగ్గర స్థిరపడ్డాడు. రోజుకు ఇరవై పత్రాలు రాసే మనిషి అరవై రాశాడు. పోయినవాళ్ళ తాలూకు మనుషులు గుమ్మంలో పడిగాపులు కాయడం తగ్గింది.

ఇబ్బంది ఇంట్లో వచ్చింది. సన్యాసిరావు కూతురు నీలవేణికి తొమ్మిదేళ్ళు, నత్తి. మాట గొంతులోనే పట్టేస్తుంది. బడిలో టీచరు ఆగదు. పనుల మధ్య తల్లికి ఆగే తీరిక లేదు. ఆ పిల్ల మాట బయటికొచ్చేదాకా ముఖం చూస్తూ కూర్చునే మనిషి లోకంలో తండ్రి ఒక్కడే. ఇప్పుడు ఆమె ఒక్క మాట అనేసరికి అతనికి మధ్యాహ్నమంతా గడిచినట్టు ఉంటోంది. ఉగ్గబట్టుకోలేక ఆ మాట అతనే పూర్తి చేశాడు. పిల్ల కాదని తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అతనే పూర్తి చేశాడు. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

మర్నాడు డేవిడ్ రాజు దగ్గరికి వెళ్ళాడు.

"నా పాత స్పీడు నాకిచ్చీ బాబూ. మా పాప మాటాడతంటే ఆగలేకపోతన్నాను."

"నిమిషం పని సార్. మీ అసలు వేగం ఎంతో రిజిస్టర్లో చూసి చెప్పండి. మూడో వంతే కదాని లెక్క కట్టి తగ్గిస్తే తల ఆగిపోవచ్చు, కచ్చితమైన అంకె కావాలి."

సూపరింటెండెంట్ రుక్మిణి రిజిస్టరు తెరిచింది. అసలు వేగం గడిలో సన్యాసిరావు పేరుకి ఎదురుగా రెండు చిన్న గీతలున్నాయి, పైన రాసిందే కిందికీ అని. పై పేరుకీ గీతలే, ఆ పైదానికీ గీతలే. మొదటి వరుసలో మాత్రం, పైఆఫీసుని కనుక్కుని రాద్దామని వదిలేసిన ఖాళీ గడి ఉంది.

"ఈ గీతలెవరు పెట్టీసారు మేడమ్?"

"నువ్వేనయ్యా. రిజిస్టరు నీదే కదా."

నిజమే. పద్దెనిమిదేళ్ళుగా ఏ రిజిస్టరైనా రెండో వరుస నుంచి అతని చెయ్యి ఆ గీతలే పెట్టేది. అందులో తప్పుందని ఏ తనిఖీలోనూ ఎవరూ అనలేదు. పైఆఫీసుకి రాశారు. సదరు ఉద్యోగి అసలు వేగాన్ని మీ రిజిస్టరు ప్రకారమే నిర్ధారించుకోవలెనని జవాబు వచ్చింది. సన్యాసిరావు ఆ జవాబు చదివి, వరుస సంఖ్య వేసి, ఫైల్లో పెట్టాడు. ఇంకేం చేస్తాడు పాపం.

నెల తిరిగాక డేవిడ్ రాజు వచ్చి అతని తల వేడి చూశాడు. అంతా సవ్యంగా ఉందని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నీలవేణి బడి నుంచి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. అరచేతుల మీద బెత్తం దెబ్బలు ఎర్రగా తేలి ఉన్నాయి. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"బడిలో బాగానే ఉంది కదమ్మా? సరే, ఆడుకో పో," అన్నాడు సన్యాసిరావు, ఫ్యాను సరిచేసుకుంటూ.

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని ఔనని తలూపింది. ఆ వీధిలో చాలా ఇళ్ళల్లో పిల్లలు ఎప్పట్నుంచో అలాగే తలూపుతున్నారు. వాళ్ళ నాన్నల వేగం ఎవరూ పెంచలేదు.