వాసన పరీక్షలో తప్పిన జింక

ఒక పెద్ద అడవిలో వాగు దాటించడం కూడా ఒక ఉద్యోగమే. అది ఏనుగు భద్రయ్యది. పొద్దున్నే పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని అవతలి గట్టున బడికి చేర్చేవాడు.

ఇప్పపూలు రాలి బండ గుంటల్లో పులిసే కాలం వచ్చింది. భద్రయ్య మత్తెక్కించే ఆ ఇప్పనీళ్లు తాగి వాగులో దిగడం మొదలుపెట్టాడు.

జింక చెంగమ్మకి ఒక్కతే కూతురు, చిట్టి. అది ఆ వీపు మీదే బడికెళ్తుంది.

"అన్నా, ఊగుతున్నావు," అంది చెంగమ్మ.

"నేను కాదమ్మా. వాగు ఊగుతోంది."

చెంగమ్మ సింహంగారికి చెప్పుకుంది. సింహంగారు కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు నక్క దయానిధి, ఉద్యోగుల సంక్షేమాధికారి.

"మాకు ఎవరి మీదా అనుమానం లేదు," అన్నాడు దయానిధి. "అందుకని అందరికీ పరీక్ష పెడతాం. ఫిర్యాదు చేసినవాళ్లతో సహా."

పరీక్షంటే నోరు వాసన చూడటం. అడవిలో గొప్ప ముక్కు ఎలుగుబంటి జంపన్నది. అతన్నే కూర్చోబెట్టారు. జంపన్న పొద్దున ఇప్పనీళ్లు తాగుతాడు, మధ్యాహ్నం ఇప్పనీళ్లు తాగుతాడు. రాత్రి మాత్రం తేనె కలుపుకుంటాడు.

జంపన్న ముందు భద్రయ్య నోరు వాసన చూశాడు. "వాసనేం లేదు సార్."

కోతి నోరు చూశాడు. "అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. పాస్."

చెంగమ్మ దగ్గరికొచ్చేసరికి ముక్కు చిట్లించాడు. "ఇదేదో తేడాగా ఉంది సార్. నేనెప్పుడూ ఎరగను."

"పచ్చగడ్డి అది," అంది చెంగమ్మ.

"మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా," అన్నాడు దయానిధి జాలిగా.

వాగు గట్టున వ్యసన విముక్తి కేంద్రం. చుట్టూ ముళ్లకంచె, కాపలాకి అడవిపంది. అందులో వేశారు చెంగమ్మని.

"నా కూతురు ఆ వీపు మీద వెళ్తుందయ్యా."

"చూశారా, లేనిపోని భయాలు. ఇది కూడా ఒక లక్షణమే," అన్నాడు దయానిధి.

మర్నాడు తెల్లారగట్ల ఆ గట్టు మీదే 'మత్తులేని అడవి' సంబరం. పాసైన సిబ్బందికి విందు. సిబ్బంది కోరిక మీద ఇప్పనీళ్లు పోశారు.

విందు ముగించి భద్రయ్య డ్యూటీ ఎక్కాడు. వాగు మధ్యలో కూర్చున్నాడు. కూర్చుని కునుకు తీశాడు. వీపు మీద చిట్టి, దాని పక్కన సింహంగారి అబ్బాయి. ఎగువన వాన పడ్డట్టుంది, నీళ్లు పెరుగుతున్నాయి.

సింహంగారు గర్జించబోయారు. ఎక్కిళ్లొచ్చాయి.

"నేను దిగుతా," అంది కోతి, బండని కావలించుకుని. "ఏ వాగులో దిగాలో చెప్పండి. నాకు రెండు కనిపిస్తున్నాయి."

అడవిపంది గురక పెడుతోంది. చెంగమ్మ కంచె దూకింది. ముళ్లు గీరుకున్నాయి. ఈదుకుంటూ వెళ్లి ఏనుగు చెవి కొరికింది. వదల్లేదు.

భద్రయ్య ఘీంకరించి లేచాడు. "ఎటెళ్లాలమ్మా?"

"నా వెనకే రా. మాట్లాడకు."

గట్టెక్కారు. చిట్టి వణుకుతోంది. చెంగమ్మ దాన్ని నాకుతూనే ఉంది.

దయానిధి గొంతు సవరించుకున్నాడు. "నిన్న చేరిన పేషెంటు. ఇవాళ ఎంత తిన్నగా నడుస్తోందో చూడండి. మన కేంద్రం నూటికి నూరు పాళ్లు విజయం."

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరికి చేతులు కలవలేదు.

ఇందులో నీతంటూ ఉంటే ఇదే: తాగనివాళ్ల చేత తాగుడు మాన్పించడం చాలా తేలిక.