తాళం వేసిన ఇంటి పాప

పక్క వీధికి తట్టు వచ్చింది. ఈ వీధిలో టీకా పడని పిల్లలు పదకొండు మంది. మధ్యాహ్నంలోగా అందరికీ వేసెయ్యాలని నర్సు పొద్దున్నే మందుపెట్టె భుజాన వేసుకుని బయల్దేరింది. పదకొండు తలుపులూ మొహమ్మీదే మూశారు.

"మా వంశంలో సూది ఎరగం తల్లీ, పోయిరా," అంది మొదటి ఇంటి నాయనమ్మ. వీధికంతటికీ ఆవిడ మాటే శాసనం.

అదే రోజు కొత్త సూపర్‌వైజరు తనిఖీకి దిగాడు. రిజిస్టరు తిరగేసి ఒకచోట వేలు ఆపాడు.

"ఏడో నంబరు ఇంటి పాప. అన్ని టీకాలూ తేదీ తప్పకుండా! ఇవాళ్టిదొక్కటే మిగిలింది. పదమ్మా, చూద్దాం."

నర్సు రిజిస్టరులోకి తొంగి చూసింది. నిరుడు ఈ వీధికి కొత్తగా వచ్చినప్పుడు, రిజిస్టరు నింపడం నేర్చుకుంటూ నమూనాకని తనే ఆ పాపను పుట్టించింది. తాళం వేసిన ఇల్లు కదా, అడిగేవాళ్లుండరనుకుంది. తర్వాత ఆ వరస కొట్టెయ్యడం మరిచిపోయింది.

"సార్, ఆ పాప..." అనేలోపే ఆయన ఏడో నంబరు ఇంటికెళ్లి, తాళం గమనించకుండానే తలుపు బాదాడు.

లోపల గిలక్కాయ మోగింది.

"ఎలుకేమో సార్."

"ఎలుకలు గిలక్కాయ ఆడిస్తాయా?"

చప్పుడుకి నాయనమ్మ బయటికొచ్చింది. "ఎవరికోసం బాబూ?"

"ఈ ఇంటి పాపకి టీకా వెయ్యాలి."

ఆవిడ మొహం పాలిపోయింది. "అది తట్టుకి పోయి ఆరేళ్లయింది. సూది వద్దని వాళ్లమ్మకి చెప్పింది నేనే."

గిలక్కాయ మళ్లీ మోగింది, ఈసారి గుమ్మం దగ్గరగా.

నాయనమ్మ తన ఇంట్లోకి పరిగెత్తి మనవణ్ణి చంకనేసుకొచ్చింది. "ముందు వీడికి పొడువమ్మా!"

ఏడాది పాటు బతిమాలితే కదలని వీధి అర్ధగంటలో వరస కట్టింది. మన బుద్ధులింతే: బతికున్న నర్సు మాట చెవికెక్కదు. రిజిస్టర్లోని పాప తన కల్పనేనని చెప్పబోయిన నర్సు, వరసను చూసి నోరు మూసుకుంది.

మధ్యాహ్నానికి పదకొండు మంది పిల్లలూ ఏడ్చి వెళ్లారు. పెట్టె సర్దుతూ నర్సు లెక్కపెట్టింది. ఖాళీ సిరంజీలు పన్నెండు. మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండే. రిజిస్టరు తెరిచింది. ఏడో నంబరు ఇంటి వరసలో ఇవాళ్టి గడికి టిక్కు పడి ఉంది, సిరా ఆరలేదు.

సూపర్‌వైజరు టిక్కులన్నీ చూసి 'నూటికి నూరు' అని రాసి సంతకం చేశాడు.

ఆ వీధిలో టీకాకి ఏడవని పిల్ల అదొక్కతే.