దొరికిన ఫైలుకు సుయుంచు

బర్చినాయ్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి యూనివర్సిటీ కంప్యూటర్ గదికి వెళ్లాలి. నిన్న టైపు చేసిన డిప్లొమా వ్యాసం తెరిచి మొదటి పేజీలో సంవత్సరం సరిదిద్దాలి. ప్రింటు తీయించి, పన్నెండు లోపు శాఖాధిపతి చేతిలో పెట్టాలి. ఒంటిగంట వ్యాన్‌కి అట్‌బాషీలో ఇల్లు చేరితే ఆవు పాలు పితికే వేళకి అందుకోవచ్చు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, ఐదేళ్లుగా పరీక్షలకు మాత్రం నరీన్ పట్నం వచ్చిపోతూ చదివిన చదువు ఇది. ఉన్ని తివాచీల వ్యాపారం మీద అరవై రెండు పేజీలు. పన్నెండు దాటితే తీసుకోరు. మళ్లీ వచ్చే ఏడాదే.

మూడో నంబరు కంప్యూటర్ తెరిచింది. నిన్న తెర మీద ఎడమ మూలన, కళ్లకు కనిపించేలా పెట్టిన ఫైలు లేదు. సరస్సు బొమ్మ ఒకటి, చెత్తబుట్ట గుర్తు ఒకటి, అంతే.

గది చూసుకునే జుమాగుల్ కిటికీలో పూలకుండీలకు నీళ్లు పోస్తోంది. చదువుకునే వాళ్లంతా ఆమెను ఎజే అనే పిలుస్తారు, అక్క వరసన. రాత్రి ఆపగానే ఈ యంత్రాలు తెర మీదున్నదంతా తుడిచేసుకుని పసిపిల్లల్లా లేస్తాయని, ఆ సంగతి నోటీసులో రాసే ఉందని ఆమె చెప్పింది. నోటీసు పెద్ద పూలకుండీ వెనకాల ఉంది.

బర్చినాయ్ ముఖం పాలిపోవడం చూసి ఎజే కుండీ కింద పెట్టింది.

"ఏడవకే. నాకు జాలి ఎక్కువ. ఆపే ముందు తెరల మీద మీరంతా వదిలేసినవన్నీ ఊడ్చి ఉమ్మడి ఫోల్డర్లో పోస్తాను. నీదీ అందులోనే పడుంటుంది. పేరేం పెట్టావ్?"

"డిప్లొమా అని పెట్టాను ఎజే."

ఎజే నిట్టూర్చింది. ఉమ్మడి ఫోల్డర్లో డిప్లొమా అన్న పేరుతో నలభై ఒక్క ఫైళ్లు ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు అంటూ యంత్రమే అంకెలు తగిలించుకుంటూ పోయింది. కాక, కొత్త డిప్లొమా, చివరి డిప్లొమా, నిజంగా చివరి డిప్లొమా వేరే. బర్చినాయ్ ఒక్కొక్కటీ తెరిచింది. చేపల పెంపకం, బంగాళాదుంపలు, పర్యాటకం, మళ్లీ బంగాళాదుంపలు. ఒక్కో ఫైలు తెరుచుకునేలోపు టీ చల్లారిపోతోంది.

ఆ కంగారులో ఆమె అనకూడని మాట అనేసింది. ఎవరు వెతికిపెట్టినా సుయుంచు ఇస్తానంది.

మంచి కబురు అందరికంటే ముందు మోసుకొచ్చిన వాళ్లకి ఇచ్చే కానుక సుయుంచు. బిడ్డ పుట్టినా, తప్పిపోయిన గుర్రం తిరిగొచ్చినా ఇచ్చి తీరాలి. మాట గది దాటింది. మెట్లు దిగేసరికి అది పెద్ద సుయుంచు అయింది, క్యాంటీన్ చేరేసరికి గొర్రెపిల్ల అయింది. పది నిమిషాల్లో పన్నెండు కంప్యూటర్ల ముందూ జనం కూర్చున్నారు. వాళ్లలో కావలివాడు ఎసెన్‌కుల్ కూడా ఉన్నాడు. జన్మలో మౌసు పట్టని మనిషి.

కబురు మొదట చెప్పిన వాడికే కానుక. అందుకని ఉన్ని అన్న మాట కనిపించిన ప్రతి ఫైలునీ ఎవరికి వారు ఉమ్మడి ఫోల్డర్లోంచి తీసి తమకంటూ ఒక ఫోల్డర్ చేసి దాచుకున్నారు. తర్వాత ఉన్ని లేనివీ దాచారు, ఎందుకైనా మంచిదని. పదిన్నరకల్లా ఫోల్డర్ సగం ఖాళీ. బంగాళాదుంపల అమ్మాయి వచ్చి తన వ్యాసం మాయమైందని లబోదిబోమంది. ఏం చెయ్యాలో తోచక ఆమె కూడా సుయుంచు ప్రకటించింది. చేపల అబ్బాయి గొర్రెని మించిన కానుకే ప్రకటించాడు. ఇక ఎవరు ఎవరిది వెతుకుతున్నారో వాళ్లకే తెలియలేదు.

బర్చినాయ్ వెళ్లి శాఖాధిపతి శార్షెనాలి కాళ్లావేళ్లా పడింది. రేపటిదాకా గడువు ఇమ్మంది. ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"పన్నెండు అంటే పన్నెండేనమ్మా. కాగితం నా చేతికి రావాలి. కన్నీళ్లు రిజిస్టర్లో రాసుకోలేను."

ఆమె పెరటి తలుపు గుండా బజారుకు పరిగెత్తింది. టైపు కొట్టు ఆవిడ, రాసిన నోటుపుస్తకం ఉంటే గంటలో కొంత లాగిస్తానంది. పుస్తకం అట్‌బాషీలో ఉంది. బర్చినాయ్ భర్తకు ఫోన్ చేసి చదవమంది. అతను బుద్ధిగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో ఆమె రాసుకున్న పిండి, ఉప్పు, చిన్నవాడి చెప్పులు కూడా వదలకుండా చదివాడు. టైపు ఆవిడ వాటినీ కొట్టేసింది.

ఈలోపు గోల భరించలేక శార్షెనాలి కంప్యూటర్ గదికి వచ్చాడు. ఫైలు వెతకడం అలా కాదంటూ అందర్నీ లేపి తానే కూర్చున్నాడు. పేరుతో కాక, ఆమె వ్యాసంలో తాను రెండుసార్లు తప్పు దిద్దిన ఒక వాక్యంతో మొత్తం డిస్కు వెతికించాడు. "నాది, ఎవరూ ముట్టుకోవద్దు" అన్న ఫోల్డర్లో అరవై రెండు పేజీలూ ఉన్నాయి. ఆ ఫోల్డర్ ఎసెన్‌కుల్‌ది. శార్షెనాలి సంవత్సరం కూడా సరిదిద్ది ప్రింటు తీయించి, ఆమెకు ఫోన్ చేశాడు. ఎంగేజ్. చివరికి కాగితాలు పట్టుకుని తానే వెతకబోయాడు. మంచి కబురు చేతిలో ఉన్న మనిషికి వయసూ హోదా గుర్తుండవు.

పన్నెండూ ఇరవైకి, ఆశ వదులుకుని వ్యాన్ ఎక్కడానికి బర్చినాయ్ యూనివర్సిటీ ముందు గేటు దగ్గరికి వచ్చింది. అక్కడ ఎసెన్‌కుల్ కూర్చుని ఉన్నాడు. పదిన్నరకే ఫైలు దొరికింది అతనికి. ఎవరైనా కబురు కొట్టేస్తారని నోరు విప్పకుండా, ఎప్పటికైనా గేటు దాటక తప్పదు కదా అని అక్కడే కాపు కాశాడు. అతను లేచేలోపే మెట్ల మీద నుంచి టై పక్కకు జరిగిన శార్షెనాలి దిగాడు. ఇద్దరూ ఒకేసారి సుయుంచు అన్నారు.

"నేను పదిన్నరకే చూశాను ఆగాయ్," అన్నాడు ఎసెన్‌కుల్. గురువుగారు అనే గౌరవం అందులో ఉంది కానీ వెనక్కి తగ్గడం లేదు.

"చూసి దాచావు. తెచ్చింది నేను."

బర్చినాయ్ ఆ కాగితాల్ని చూసింది, తర్వాత గడియారం చూసింది. "పన్నెండు దాటింది కదా ఆగాయ్. ఇది నాకు మంచి కబురు ఎలా అవుతుంది?" అంది నీరసంగా.

వెనకే వచ్చిన జుమాగుల్ ఎజే గొంతు సవరించుకుంది.

"ఆగాయ్, కాగితాలు మీ చేతికి ఎన్నింటికి వచ్చాయి?"

"పన్నెండుకు పది నిమిషాల ముందు. నేనే ప్రింటరు దగ్గర నిలబడి తీసుకున్నాను."

"శాఖాధిపతి చేతికి పన్నెండు లోపు అందితే సమర్పించినట్టే కదా. అయితే మీరు కబురు మోసినవారు కారు, వ్యాసం తీసుకున్నవారు."

శార్షెనాలి లెక్క వేసుకున్నాడు. కానుక కావాలంటే తాను కబురు మోసినవాడే కావాలి, అప్పుడు వ్యాసం అందింది పన్నెండు దాటాక, ఆలస్యమైతే అది మంచి కబురే కాదు. సమర్పించినట్టు అనుకుంటే బర్చినాయ్ గట్టెక్కుతుంది, ఆయనకు మిగిలేది ఆమె ముఖంలో వెలుగు ఒక్కటే. ఆ ముఖం వైపు ఒకసారి చూసి, జేబులోంచి కలం తీసి, కాగితాల మీద పదకొండూ యాభై అని వేసి సంతకం పెట్టాడు.

ఆ వారంలోనే బర్చినాయ్ తన చేత్తో కుట్టిన కల్పాక్ టోపీ ఒకటి ఎసెన్‌కుల్‌కి పంపింది.

కంప్యూటర్ గదిలో ఇకపై సుయుంచు అడగడం నిషేధమని కొత్త నోటీసు వచ్చింది. సంతకం శాఖాధిపతిది, గోడకు కొట్టింది మాత్రం కొత్త టోపీ పెట్టుకున్న ఎసెన్‌కుల్.