భూతద్దం గారు కారు చూశారు

తలుపులు తయారుచేసే కంపెనీలో సేల్స్ మేనేజర్ని నేను. వానకు ఉబ్బి మూసుకోని తలుపును కూడా "గాలి బాగా ఆడుతుందండీ" అని అంటగట్టగలను. అంతటి వాణ్ణి, సొంత కారు అమ్ముకోలేనా అనుకున్నాను. అక్కడే బోర్లా పడ్డాను.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. అది తెల్ల కారు. ఒక్క తలుపు మాత్రం మీగడ రంగులో ఉంటుంది. గేటుకు గీసుకున్నప్పుడు నేనే దగ్గరుండి రంగు కలిపించాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా వినపడేలా దగ్గుతుంది. బ్రేకు తొక్కితే కాసేపు ఆలోచించుకుని ఆగుతుంది.

నా భార్య కర్టెన్లు కుడుతుంది. కుట్టి ఇచ్చేస్తే సరిపోదు, ఇళ్లకు వెళ్లి బిగించి రావాలి. కర్టెన్ రాడ్లు పట్టుకుని బస్సెక్కితే, తనేదో దండయాత్రకు బయల్దేరినట్టు జనం పక్కకు తప్పుకుంటారు. అందుకే కారు నేర్పమని చాన్నాళ్లుగా అడుగుతోంది.

"నీ చేతికి స్టీరింగ్ ఇస్తే వీధిలో వాళ్లంతా మేడలెక్కి కూర్చోవాలే," అన్నాను.

"మరి మనకా కారెందుకండీ? మీరు బస్సులో ఆఫీసుకెళ్తారు, నేను బస్సులో పనికెళ్తాను. అది ఇంటి ముందు నీడలో పడుకుంటుంది. అమ్మేయండి."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఇది వదిలించుకుని ఓ ఎర్ర కారు కొనాలని నాకూ ఉంది.

"కానీ ఉన్న లోపాలు ఉన్నట్టు చెప్పి అమ్మండి," అంది. "ముఖ్యంగా ఆ బ్రేకుల సంగతి. పాపం, ఎవరో ఎక్కుతారు."

"ఎక్కేవాళ్లు చూసుకుని ఎక్కుతారు. అన్నీ చెప్పి అమ్మితే దాన్ని అమ్మకం అనరు, పశ్చాత్తాపం అంటారు."

తను తలూపి కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది. నా భార్య వాదన మధ్యలో ఆపేసిందంటే అనుమానపడాలని పెళ్లైన ఇన్నేళ్లకూ నాకు తట్టలేదు చూడండి!

మా ఆఫీసులో ఒకాయనున్నాడు. అందరం 'సలహాల సముద్రం' అంటాం. ఆయన జన్మలో ఒక్క కారూ కొనలేదు, అమ్మలేదు. అందుకే ధారాళంగా చెబుతాడు. "పాత కారు కొనేవాడు ఏమేం చూస్తాడో అవన్నీ కప్పెయ్. అంతే!" అన్నాడు.

కారు అమ్ముతున్నానని నలుగురికీ చెప్పాను. ఆదివారం చూడ్డానికి వస్తానని ఒకావిడ ఫోన్ చేసింది. ఆ రోజు పొద్దున్నే లేచి ఇంజను దగ్గంతా దగ్గించేసి వేడెక్కించి పెట్టాను. టైర్లకు నల్ల పాలిష్ కొట్టాను. నూనె కారిన మరక మీద పూలకుండీ పెట్టాను. ముందు సీటు కింద రేకు తుప్పు పట్టి పడిన కంత మీద కొత్త మ్యాట్ పరిచాను. లోపల అత్తరు చల్లాను. ఇంజను చప్పుడు వినపడకుండా రేడియో గట్టిగా పెట్టాను.

ఆవిడొచ్చింది. చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు. వస్తూనే నమస్కారమైనా పెట్టకుండా బానెట్ మీద అరచెయ్యి ఆనించింది.

"బండి వేడిగా ఉందేంటండీ?"

నా గుండె జారి మోకాళ్ల దగ్గర ఆగింది. "ఎండ కదండీ!"

"నీడలోనే ఉందిగా. ఫర్వాలేదు, చల్లారనివ్వండి. చల్లటి ఇంజను ఎలా స్టార్ట్ అవుతుందో చూడకుండా నేను పాత బండి కొనను."

మనసులోనే ఆవిడకు 'భూతద్దం గారు' అని పేరు పెట్టేశాను.

భూతద్దం గారు ఖాళీగా కూర్చోలేదు. పూలకుండీ పక్కకు జరిపింది. టైరు లోపలి అంచు తడిమి, "ఒకవైపే అరిగింది, చక్రాలు సరిగ్గా లేవు," అంది. బండి మీద వెలుగు పడేలా వంగి చూసి, "ఈ తలుపుకు రంగు వేయించారు, ఎక్కడ కొట్టారు?" అంది. కాగితాల్లో ఉన్న ఇంజను నంబరు, బండి మీదున్న నంబరు పక్కపక్కన పెట్టి చూసింది. నా అదృష్టం, అవి కలిశాయి. నేను పొంగిపోయేలోపే తలుపు తీసి నాలుగు మ్యాట్లలో సరిగ్గా ఆ ఒక్క మ్యాటే ఎత్తింది.

కంతలోంచి నేల కనిపించింది.

"గాలి బాగా..." అని మొదలుపెట్టి నోరు మూసుకున్నాను.

"మంచినీళ్లు తీసుకోండి," అంటూ నా భార్య గ్లాసు తెచ్చింది. ఆవిడకు కాదు, నాకు.

ఇంజను చల్లారింది. ఆవిడ ముందు రేడియో కట్టేసి, తర్వాత తాళం తిప్పింది. బండి పుట్టినప్పటి నుంచి దాచుకున్న దగ్గంతా ఒక్కసారి దగ్గింది. వెనక నీలం పొగ లేచింది. ఎదురింటి పిన్నిగారు ఆరేసిన దుప్పటి తీసుకుని లోపలికి పరుగెత్తారు.

"ఓ చుట్టు తిప్పి చూద్దాం," అంది ఆవిడ. నేను దేవుణ్ణి తలుచుకుని పక్కన కూర్చున్నాను.

వీధి చివర వాలు వచ్చింది. ఆవిడ మెల్లగానే నడుపుతూ బ్రేకు తొక్కింది. బండి ఆలోచనలో పడింది. ఎదురుగా కొట్టు ముందు పేర్చిన ఖాళీ నీళ్ల క్యాన్లు దగ్గరికొచ్చేస్తున్నాయి. ఆవిడ హారన్ నొక్కి, హ్యాండ్ బ్రేకు లాగింది. క్యాన్లను ముద్దుపెట్టుకుని బండి ఆగింది. క్యాన్లు దొర్లాయి. హారన్ మాత్రం ఆగలేదు. నా వైపు తలుపు లోపల్నుంచి తెరుచుకోలేదు. వీధంతా చూస్తుండగా కిటికీలోంచి సగం బయటికొచ్చి, మిగతా సగం లోపలే ఇరుక్కుపోయాను. భూతద్దం గారు చల్లగా బానెట్ ఎత్తి ఏదో వైరు పీకితే అది నోరు మూసింది. తర్వాత నన్ను పీకారు.

ఇంటికొచ్చేసరికి బేరమాడే ఓపిక నాకు లేదు. "మీరెంతిస్తే అంత తీసుకెళ్లండి తల్లీ," అన్నాను. ఆవిడ సరేనంది. తాళాలు ఇచ్చాను.

ఆవిడ వాటిని నా భార్య చేతిలో పెట్టింది.

"ఇదిగోమ్మా, నీ బండి. నువ్వు చెప్పిన లోపాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. బ్రేకులు బాగుచేయించాకే ఎక్కు."

అప్పుడు నా భార్య అసలు సంగతి చెప్పింది. భూతద్దం గారు డ్రైవింగ్ స్కూల్ టీచరట! నేను ఆఫీసులో తలుపులు అమ్ముతుంటే, నా భార్య ఆవిడ దగ్గర కారు నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుందట!

"నీకా? నా కారు నీకే అమ్మానా?"

"మామూలుగా అడిగితే ఇచ్చేవారా? పైగా ఎవరో ఎక్కుతారంటే, చూసుకుని ఎక్కుతారు అన్నారు. ఆ ఎవరో నేనేనండీ."

నవ్వుతూనే అంది. కానీ నాకు నవ్వు రాలేదు. ఆ వాలులో, వెనక సీటు నిండా రాడ్లు పెట్టుకుని, నా భార్య ఒక్కతే ఆ బ్రేకు తొక్కుతున్నట్టు కళ్లముందు కదిలింది.

"బ్రేకులు నేను వేయిస్తాను," అన్నాను.

"కంత కూడా," అంది.

"కంత కూడా."

మర్నాడు మెకానిక్ వచ్చి బండిని కట్టి లాక్కెళ్లాడు. వారానికి అది దగ్గడం మానేసి తిరిగొచ్చింది. ఆ సాయంత్రం నా భార్య స్టీరింగ్ ముందు కూర్చుంది, నేను పక్కన. గేటుకు ఎక్కడా తగలకుండా ఒక్క ఊపులో రివర్స్ తీసింది. ఎదురింటి పిన్నిగారు నోరు తెరిచి చూశారు.

"ఏమ్మా, కారు కొన్నావా?"

"కొన్నానండీ పిన్నిగారూ. పాతదే."

"పాతవంటే జాగ్రత్తమ్మా, అమ్మేవాళ్లంతా మోసగాళ్లు."

"తెలుసండీ," అంది నా భార్య, నా వైపు చూడకుండా. "అందుకే బాగా తెలిసిన మోసగాడి దగ్గరే కొన్నాను."

పిన్నిగారు నా వైపు చూశారు. నేను కిటికీ అద్దం మెల్లగా పైకెత్తుకున్నాను.