రాజు తల పోయింది

“నంద్యాలలో ఈ పొద్దు ఒక్క దొంగ కూడా నిమ్మళంగా నిద్రపోల్యాకుండాడంటే, ఈ మద్దిలేటి బతికుండాడని అర్థం,” అని ప్రకటించి మద్దిలేటి కాఫీ అందుకున్నాడు. కొత్త స్టీలు గ్లాసు. అందులో ముఖం చూసుకుని మీసం సవరించుకున్నాడు.

మద్దిలేటికి కూడు పెట్టే పని మోటార్లకు వైండింగ్ చేయడం. పేరు తెచ్చే పని నేరపరిశోధన అని అతని నమ్మకం. జేబులోని కార్డు మీద రెండూ అచ్చేయించుకున్నాడు: ‘కాలిన కాయిలైనా, మాయమైన మనిషైనా, మద్దిలేటి’. ఇంతవరకూ ఆరు కేసులు ఛేదించాడు. గడివేములలో తప్పిపోయిన బర్రె ఇతను బస్సు దిగేలోపే తనంతట తాను కొట్టంలోకి వచ్చి నిలబడింది. అది ఆరో కేసు.

ఎదురుగా కూర్చున్న ఇంటాయన సాల్మన్ రాజుకు ఆ పొద్దు కాఫీ రుచించలేదు. ఈయన లెక్కల సారు. తొమ్మిదో తరగతి పిల్లలకు లాభనష్టాలు చెప్పడంలో దిట్ట. ఇంట్లో మాత్రం పన్నెండేళ్లుగా పోస్టులో పాత నాణేలు తెప్పించుకుంటున్నాడు. ‘వజ్రకిరీట నాణేల భాండాగారం, ముంబై’ అనే కంపెనీ రెండు నెలలకోసారి ఎర్ర మఖమల్ డబ్బాలో ఒక నాణెం, బంగారు అక్షరాల ధ్రువపత్రం పంపేది. ఆ పత్రంలో ‘ఏటికేడు విలువ పెరుగును’ అని ఒక హామీ. ఆ ఒక్క వాక్యం కోసం సారు ఎన్ని ఏరియర్లు పోస్టులో పోశాడో ఆయనకే ఎరుక.

పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే భార్య కృపావతి తేల్చి చెప్పేసింది. “పెరుగుతాది పెరుగుతాది అంటాండారు. ఒక్కటంటే ఒక్కటి అమ్మి సూపించండి. పెట్టిన దుడ్లల్లో సగమొచ్చినా నేను నోరెత్తను. వచ్చే ఆదివారం లోపల రాకపోయిందా, ఆ ఆల్బమంతా పాత సామాన్లు కొనేటోనికే.”

సారు ధైర్యంగా ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఆయన దగ్గర ‘రాజు తల’ ఉంది. తెల్లదొరల కాలపు వెండి రూపాయి, ఒక పక్క కిరీటం పెట్టుకున్న రాజుగారి తల, చెవి మీద సన్నని గీటు. నాలుగువేలు పెట్టి కొన్నాడు. ఈ శనివారం పొద్దున్నే అమ్మజూపుదామని ఆల్బమ్ తీస్తే ఆ అర ఖాళీగా ఉంది.

“రేపే ఆదివారం, మద్దిలేటీ,” అన్నాడు సారు గొంతు తగ్గించి. “అది దొరక్కపోతే నా పన్నెండేండ్ల కష్టం తక్కెట్లో పోతాది. కృపకు మాత్రం తెలియనియ్యద్దు.”

“నువ్వు గమ్మునుండప్పా. సంకేత భాషలో విచారిస్తా,” అని మద్దిలేటి నోటుబుక్కు తీసి వంటింటి వైపు తిరిగాడు. “కృపమ్మా, ఒకసారి ఇట్ల రామ్మా. రాజు తల పోయింది. నీకేమన్నా తెలుసా?”

కృపావతి గరిట పట్టుకుని గడపలో నిలబడింది. మొగుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసింది. “ఇప్పుడా తెలిసేది నీకు? అది పోయి పన్నెండేండ్లయిందన్నా.”

మద్దిలేటి కళ్లు మెరిశాయి. నేరం జరిగి పన్నెండేళ్లు అని రాసుకున్నాడు. “ఎట్ల పోయింది?”

“పోస్టులో పోయింది.”

“తిరిగి దొరుకుతాదా?”

“మనుషుల వల్ల కాదన్నా. ఆ ప్రభువే బాగుచెయ్యాల,” అని ఆమె పోపు మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. తాళింపు వాసనతోపాటు నిజం కూడా వంటింట్లోనే ఉండిపోయింది.

మద్దిలేటి సారు చెవిలో నోరు పెట్టాడు. “సాక్షి భయపడతాంది. ఇది మామూలు దొంగ పని కాదు. ముంబై ముఠా. వాళ్లే అమ్ముతారు, మళ్లా వాళ్లే ఎత్తకపోతారు. ఇంక మనం పోవాల్సిన చోటు వింటే రక్తం గడ్డకడతాది.”

“యాడికి పోవాల?”

“ముంబైకి. దానికి ముందు ఆళ్లగడ్డకు. ఆడ గురుస్వామని ఒకాయనకు బాగుచేసిన మోటారు ఇయ్యాల, నీళ్లు లేవని వారం నుంచి ఫోన్లు చేస్తాండాడు.”

ఇంట్లో ఉంటే కృపావతి ముఖం చూడాలి. అందుకని సారు కూడా ట్రాలీ ఆటోలో మోటారు పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

శిరివెళ్ల దాటాక ఒక ట్రాక్టరు వెనకపడింది. మద్దిలేటి తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. “తిరిగి సూడద్దు. మనల్నే వెంటాడతాండారు.” ఆటో నెమ్మదిగా పోతుండటంతో ట్రాక్టరు పక్కకు వచ్చింది. దాని మీది రైతు, “ఏందప్పా, ఆటో పోతాందా, నిలబడుందా? రవంత జరుగు,” అని దాటుకుని పోయాడు. బెదిరింపు అని మద్దిలేటి నోటుబుక్కులో ఎక్కింది.

ఆళ్లగడ్డలో గురుస్వామి ఇల్లు ఒక సందు చివర. గురుస్వామి వాకిట్లోనే ఎదురొచ్చాడు. “బేగా బిగించన్నా. నీళ్లు ల్యాక పనంతా నిలబడిపాయ.” మద్దిలేటి పానాలతో పెరట్లోని బోరు దగ్గరకు వెళ్లాడు. సారు వరండాలో కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక ఎదురుగా చూశాడు.

ఇద్దరు ఆడవాళ్లు బేసిన్‌లో చింతపండుతో ఏవో తోముతున్నారు. గిన్నెలు కావు, నాణేలు. గోడవార ఎర్ర మఖమల్ డబ్బాలు గుట్టగా ఉన్నాయి. పక్కనే బంగారు అక్షరాల కాగితాల కట్ట: వజ్రకిరీట నాణేల భాండాగారం, ముంబై.

తోమిన నాణేనికి విలువ ఉండదని సారు ఎక్కడో చదివాడు. పన్నెండేళ్లుగా తాను రాజసం అనుకుని మురిసిపోయిన మెరుపు ఈ చింతపండుదేనని ఇప్పుడు అర్థమైంది. లేచి గొడవ చేయాలనిపించింది. కానీ లెక్కల సారు ఇన్నేళ్లు మోసపోయాడని నంద్యాలంతా తెలుస్తుంది. ఆ సిగ్గుకు మళ్లీ కుర్చీలోనే సర్దుకున్నాడు.

చివరికి పక్కకొచ్చిన గురుస్వామిని ఎవరి మాటో అడిగినట్టు అడిగాడు. “ఇవి మీరు తిరిగి కొంటారా?”

“అమ్మేటోళ్లమే గానీ కొనేటోళ్లం కాదు సార్,” అన్నాడు గురుస్వామి.

“ఏటికేడు విలువ పెరుగుతాదని రాసినారు కదా?”

“పెరగకేం సార్? పాత సామాన్లోళ్ల దగ్గర యాభైకి తెస్తా, నాలుగువేలకు అమ్ముతా. ఏడాది దాకా యాడిది, వారంలోనే పెరుగుతాది.”

లాభశాతం ఎంతో సారు మనసు దానంతటదే కట్టేసుకుంది. ఇలాంటి లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

బోరు గరగరలాడి నీళ్లు పడ్డాయి. మద్దిలేటి చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చి, నాణేల బేసిన్ దాటి, డబ్బాల గుట్టను జరిపి దాని పక్కనే కూర్చున్నాడు. “గురుస్వామీ, నీకొక రహస్యం చెప్తా. పాత నాణేలమ్మే ముంబై ముఠా ఒకటి ఈ ప్రాంతంలో తిరుగుతాంది. ఎవురన్నా అనుమానంగా కనపడితే నాకు ఫోన్ కొట్టు.” కార్డు కూడా ఇచ్చాడు.

“ముంబైవోళ్లను నమ్మకూడదన్నా,” అన్నాడు గురుస్వామి కార్డును కళ్లకద్దుకుని. “నీ మోటారు కూలి రెండువేల ఎనిమిది వందలు కదా? చేతిలో దుడ్లు ఆడతాండ్లేదు. ఇదో, ఇది తీసుకో. నాలుగువేల సరుకు. మిగిలింది నీ మంచితనానికి.”

మద్దిలేటి అరచేతిలో రాజుగారి తల తళతళలాడింది. సారు వంగి చూశాడు. చెవి మీద సన్నని గీటు.

తిరుగు దారంతా మద్దిలేటి నోరు ఆగలేదు. “సూసినావా? మనం కదిలినామని తెలిసి ముఠా బెదిరిపోయింది. పాపం ఆ అమాయకుని చేతిలో పెట్టి పారిపోయినారు.” సారు ఊఁ కొట్టాడు. ఊఁ కొట్టడం కంటే ఏం చేయగలడు?

ఇల్లు చేరగానే మద్దిలేటి నాణేన్ని టీపాయి మీద టప్పున పెట్టాడు. “ఏడో కేసు ముగిసింది. రాజు తల రాజుకు చేరింది. ఫీజొద్దు, కాఫీ చాలు.”

కాఫీ తెచ్చిన కృపావతి నాణేన్ని చూసి ఆగిపోయింది. “ఇదేందీ, మళ్లా వచ్చింది? మంగళారం పాత సామాన్లకు గిన్నెలిచ్చేటోనికి ఏసింటి కదా.”

సారు తల పైకెత్తాడు. “నువ్వా?”

“మీరు అమ్మేటట్లు కనపడల్యా. నేనే అమ్మి సూసినా. వాడు రాతి మీద గీకి, వెండి కాదు గిండి కాదు, చిన్న గ్లాసిస్తానన్యాడు. కొట్లాడి పెద్దది తీసుకున్యా.”

ముగ్గురూ మద్దిలేటి చేతిలోని గ్లాసు వైపు చూశారు. పొద్దున కేసు మొదలుపెట్టింది ఆ గ్లాసుతోనే. మద్దిలేటి తొణకలేదు. “నాకు అప్పుడే అనుమానమొచ్చింది,” అన్నాడు.

సారుకు సిగ్గేసింది. పన్నెండేళ్లు తాను వేయలేని లెక్కను కృపావతి గుమ్మం దగ్గర నిలబడి ఒక్క పూటలో తేల్చేసింది. మెల్లగా లేచి, బీరువాలో వచ్చే పార్శిలు కోసం దాచిన కవరు తెచ్చాడు. రెండువేల ఎనిమిది వందలు ఎంచి మద్దిలేటి జేబులో కుక్కాడు. “నీ మోటారు కూలి. ఇంక పార్శిళ్లు రావులే.”

కృపావతి ఆయన ముఖం చూసింది. జాలిపడి పక్కన కూర్చుంది. టీపాయి మీది నాణెం వైపు చెయ్యి చాపింది.

“అదిట్లియ్యండి. సోమారం వాడు మళ్లా వస్తాడు. ఇంకో గ్లాసొస్తే జతవుతాది.”