ఆరో క్వార్కు కావాలంటే తిరువూరు రండి

జర్మనీ శాస్త్రవేత్తలు తక్షణం విమానమెక్కి, బెజవాడ చేరి, అక్కణ్ణించి బస్సులో మా తిరువూరు వచ్చి, ఫిజిక్సు ప్రాక్టికల్స్ ఎలా చెయ్యాలో నేర్చుకుని వెళ్ళాలని ఈ పత్రికాముఖంగా డిమాండ్ చేస్తున్నాను!

ఇది పొగరుతో అంటున్న మాట కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నవాణ్ణి. కాలేజీ పేరు మాత్రం చెప్పను. చెబితే 'చెబుతున్నవాణ్ణి' అన్నచోట 'చెప్పినవాణ్ణి' అని దిద్దుకోవలసి వస్తుంది.

సంగతేమిటంటే, మొన్న ఒక ఇంగ్లీషు పత్రిక చదివాను. పదార్థాన్ని ముక్కలు చేసుకుంటూ లోపలికి పోతే క్వార్కులనే కణాలు తగులుతాయట. ఇప్పటికి ఐదు రకాలు తేలాయి. అవి జతలు జతలుగా ఉంటాయి కాబట్టి ఐదోదానికి జత ఉండి తీరాలని పెద్దల లెక్క. ఆ ఆరోదానికి 'టాప్' అని పేరు కూడా పెట్టేశారు. పిల్ల పుట్టకముందే బారసాల చేసేశారన్నమాట!

దాన్ని పుట్టించడానికి జర్మనీలో నేల కింద రెండు కిలోమీటర్ల పైచిలుకు గుండ్రటి సొరంగం తవ్వారు. అందులో ఎలక్ట్రాన్లను ఇటునుంచీ, పాజిట్రాన్లను అటునుంచీ తరిమి ఎదురెదురుగా గుద్దిస్తున్నారు. విస్సన్నపేట రోడ్డు మీద ఇదే పని మన బస్సు డ్రైవర్లు సొరంగం లేకుండా చేస్తున్నారు, అది వేరే విషయం. అలా గుద్దుకున్నప్పుడు చిమ్మిన తునకల్లో ఆరో క్వార్కు ఉందేమోనని వందమంది డాక్టరేట్లు కళ్ళలో వత్తులేసుకుని వెతుకుతున్నారు.

ఇంతా చేసి వాళ్ళు రాసిందేమిటి? "ఈ శక్తి వరకు వెతికాము. కనిపించలేదు."

అయ్యా! కోట్లు పోసి, సొరంగం తవ్వి, కనిపించలేదని రాస్తారా? రాసి, కింద అందరూ సంతకాలు పెడతారా? ఆపైన అచ్చు వేయించి దేశాలకు పంచుతారా? సిగ్గూ శరం ఉండక్కర్లేదూ? ఇది చాలదన్నట్టు, హిగ్స్ బోసాన్ అని ఇంకో కణం ఉందట, దాంట్లో ఛార్జి ఉన్న రకం కూడా ఉండొచ్చట, టాప్ గనక పుడితే విరిగి అందులోకి మారినా మారొచ్చట. దాన్నీ వెతుకుతారు. దొరక్కపోతే అదీ దొరకలేదనే రాసేటట్టున్నారు, వీళ్ళ వాలకం చూస్తే!

మా ల్యాబులో 'రాలేదు' అనే మాట లేదు. మా పిల్లలకు అన్నీ వస్తాయి. లోలకం ఊపి, అంటే దారానికి ఇత్తడి గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో స్టాప్‌క్లాక్‌లో చూసి, గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కన కట్టమంటే ప్రతివాడికీ తొమ్మిది వందల ఎనభైకి అటూ ఇటూగా వచ్చి తీరుతుంది. వానొచ్చినా వస్తుంది, కరెంటు పోయినా వస్తుంది, వాడు ల్యాబుకు రాకపోయినా వస్తుంది!

ఈ మహిమ ఎక్కడిదంటారా? రికార్డు పుస్తకాలది. మా సీనియర్లు వెళ్ళిపోతూ రికార్డులను జూనియర్ల చేతిలో పెట్టి వెళతారు. జూనియర్లు అందులో రీడింగులు అందంగా ఎక్కించుకుంటారు. అవి మొట్టమొదట ఎవరు తీసిన రీడింగులో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు లేరు. ఈ పద్ధతి జర్మనీలో ఉండి ఉంటే టాప్ క్వార్కు బరువు రెండు దశాంశ స్థానాలతో సహా మధ్యాహ్నం భోజనాలలోపు తేలిపోయేది. ఛార్జి ఉన్న హిగ్స్‌ది సాయంత్రం ఆఖరి బస్సులోపు తేల్చేవాళ్ళం.

ఇంత సుభిక్షంగా సాగుతున్న చోటికి ఒక పిల్ల దాపురించింది. పేరు అంతోనమ్మ. వినగడప నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి జోజప్ప, రైతుల పొలాల్లో కూలిపని చేస్తాడు. రెండేళ్ళూ నన్ను ప్రశ్నలతో చంపుకుతింది. "ఎలా తెలిసిందండీ? ఎవరు కొలిచారండీ? మనం కొలిస్తే అంతే వస్తదాండీ?" బెల్లు కొట్టినా వదిలేది కాదు.

మొన్న మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష. మంచి పరికరాలన్నీ పగిలిపోతాయని బీరువాలో భద్రంగా ఉంటాయి కాబట్టి, ఆ పూట కూర్చున్న పన్నెండు మందికీ లోలకమే ఇచ్చాము. మధ్య బల్ల మీద ఒకటే స్టాప్‌క్లాకు, వంతులవారీగా వాడుకోవాలి. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరుగా వచ్చిన బసవపున్నయ్యగారూ నేనూ వరండాలో ఇడ్లీలు తింటున్నాము. ఇడ్లీలు మెత్తగా, మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

లోపల అంతోనమ్మ గొంతు వినిపించింది. "ఏడుకొండలుగారూ, ఈ గడియారం నడవట్లేదండి."

ఏడుకొండలు మా ల్యాబు అటెండరు. "నడవటం దేనికమ్మాయ్? రికార్డులో ఉందిగా!" అన్నాడు.

గంట తర్వాత పేపర్లు తీసుకున్నాము. పదకొండు మందికి తొమ్మిది వందల ఎనభై చుట్టుపక్కల చక్కగా వచ్చింది. పన్నెండో పేపరు మీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'గడియారం నడవలేదు. కాలం కొలవలేకపోయాను. విలువ రాలేదు.' కింద సంతకం!

బసవపున్నయ్యగారు పిల్లను పిలిచారు. "గురుత్వ త్వరణం ఎంతమ్మా?"

"తొమ్మిది వందల ఎనభై అండి."

"తెలుసుగా? మరి రాయలేదేం?"

"అది పుస్తకానికి వచ్చిందండి. నాకు రాలేదుగా!"

ఆయన పిల్లను బయటికి పంపించి, గడియారం తీసి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా చెవి దగ్గర పెట్టారు. చప్పుడు లేదు. "ఎప్పటినుంచయ్యా ఇది?" అని ఏడుకొండల్ని అడిగాను.

"మీరు రాకముందు నుంచీ అంతేనండి. మీకు తెలుసనుకున్నాను," అన్నాడు.

మీరే చెప్పండి, ఇంతకన్నా ఘనవిజయం విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఎక్కడన్నా ఉందా? నేనున్న తొమ్మిదేళ్ళూ చచ్చిన గడియారంతో మా కాలేజీ సెకనులో పదో వంతు దాకా కాలం కొలిచింది! గుద్దించడానికి సొరంగం, చూడటానికి యంత్రం కావాలని ఏడ్చే జర్మనీ వాళ్ళు ఇది విని ఏమైపోవాలి?

బసవపున్నయ్యగారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. "ఈ పిల్లకు మార్కులేస్తే, మిగతా పదకొండు మందికీ ఏం వెయ్యాలి మాష్టారూ? మీకేం వెయ్యాలి? నేను ఏటేటా ఇన్ని కాలేజీలు తిరిగి సంతకాలు పెట్టాను, నాకేం వెయ్యాలి?"

ఆయనకు బస్సు టైమవుతోంది. పదకొండు మందిని పాసు చేశాము. ఒక్కరిని తప్పించాము. న్యాయం మెజారిటీ పక్షాన ఉండటమే కదా ప్రజాస్వామ్యం!

ఫలితాలు వచ్చాక జోజప్ప నా దగ్గరికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు, రమ్మన్నా లోపలికి రాలేదు. పిల్లకు బెజవాడలో సిస్టర్ల కాలేజీలో బీయస్సీ సీటు ఇస్తామన్నారట, హాస్టలు కూడా. పాసయితేనే.

"మా పిల్ల కాపీ కొట్టిందాండీ?"

"లేదయ్యా."

"అబద్ధం ఏమన్నా రాసిందాండీ?"

"అబ్బే, లేదు."

"మరి?"

"ఏమీ రాలేదని రాసింది జోజప్పా."

"రాకపోతే ఇంకేం రాస్తుందండి?" అన్నాడు.

ఆ మనిషికి ఫిజిక్సు తెలియదు కాబట్టి, సెప్టెంబరు పరీక్షకు ఫీజు కట్టమని చెప్పి పంపించాను. ఆ ఏటి సీటు పోయింది.

గడియారం బాగు చేయించొచ్చుగా అని మీరు అడుగుతారు. తెలియనివాళ్ళు ఇలాగే అడుగుతారు! బాగు చేయించాలంటే పాడైందని పైకి రాయాలి. రాస్తే ఎప్పుడు పాడైందని కింది నుంచి పైదాకా అందరూ అడుగుతారు. తొమ్మిదేళ్ళ కిందట అంటే, మరి తొమ్మిదేళ్ళుగా పాసైన వాళ్ళ సంగతేమిటంటారు. వాళ్ళల్లో ఒకడు ఇంజనీరై మనకు వంతెనలు కడుతున్నాడు. ఇద్దరు నాలాగే లెక్చరర్లై ఫిజిక్సు చెబుతున్నారు. ఒక్క గడియారం కోసం ఇంతమంది పరువు తీయమంటారా? అందుకని దాన్ని తుడిపించి మళ్ళీ అదే బల్ల మీద పెట్టించాను.

సెప్టెంబరులో అంతోనమ్మ మళ్ళీ పరీక్షకు వచ్చింది. నాలుగు నెలలు పొలం పనికి వెళ్ళిందట, బాగా నల్లబడింది. ల్యాబులోకి వెళ్ళబోతూ ఆగి, "సార్, గడియారం బాగైందాండీ?" అని అడిగింది.

"ముందు సీటు సంగతి చూసుకో అమ్మా," అన్నాను. ఇంతకంటే మంచి మాట తండ్రి కూడా చెప్పడు.

ఈసారి వచ్చిన ఎగ్జామినరు కొత్తాయన. అంతోనమ్మ పేపరు చూసి మెచ్చుకున్నారు. ఐదు పొడవులకు ఐదు రీడింగులు, కొట్టివేత ఒక్కటి లేదు, గ్రాఫు గీత గీసినట్టుంది. విలువ తొమ్మిది వందల డెబ్భై తొమ్మిది పాయింటు నాలుగు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వైవా అయిపోయాక వరండాలోకి వచ్చి అడిగాను. "గడియారం నడిచిందా అమ్మా?"

ఆ పిల్ల తల దించుకుంటుందనుకున్నాను. దించుకోలేదు. నా మొహంలోకి చూస్తూనే, "నడిచిందండి," అంది. దణ్ణం పెట్టి బస్సుకు వెళ్ళిపోయింది.

రెండేళ్ళు చదువుకుని నా దగ్గర ఆడిన మొదటి అబద్ధం అది. తడబడలేదు, నీళ్ళు నమలలేదు. నేను నేర్పిన వాటిలో ఇంత బాగా పట్టుబడింది ఇంకొకటి లేదు. లోపలికెళ్ళి నా చేత్తోనే పూర్తి మార్కులు వేశాను.